సంఘమా, కేంద్రమా?

భారత రాజ్యాంగపు మొదటి అధికరణము ఈ దేశమును రాష్ట్రముల సంఘమని నిర్వచించినది. ఆ అధికరణమున 'కేంద్రము' అను మాట లేదు. అయినను ఢిల్లీనుండి పాలించు ప్రభుత్వమునకు ఆ పేరే వాడుకలో స్థిరపడినది. 2021లో తమిళనాడు ప్రభుత్వము ఆ పేరును విడిచి, 'ఒండ్రియ అరసు', అనగా సంఘ ప్రభుత్వము, అని వ్రాయసాగినప్పుడు, దేశమునకేదో ముప్పు వాటిల్లినట్లు కొందరు కలవరపడిరి. రాజ్యాంగమున ఉన్న మాటను వాడుటయే కలవరమునకు హేతువైనదనిన, దోషము మాటలో లేదు. మాటను విన్నవారి ఊహలో ఉన్నది.

కేంద్రమనునది రేఖాగణితమునకు చెందిన మాట. వృత్తమునకు కేంద్రమొక్కటే, తక్కిన బిందువులన్నియు దానినుండి కొలువబడునవే. సంఘమనునది మనుష్యులకు చెందిన మాట. సంఘమున సభ్యులుందురు, సభ్యులకు బాధ్యతలతోపాటు, సంఘాధ్యక్షుడు సైతము దాటరాని హక్కులుండును. స్వతంత్ర భారతమున రాష్ట్రముల అధికారములను గూర్చి జరిగిన తగవులన్నియు ఈ రెండు ఊహల నడుమ జరిగిన తగవులే. గ్రంథమున సంఘము వ్రాయబడినది; ఆచరణమున కేంద్రము నడచుచున్నది.

మొదట వివాదము లేని విషయమును చెప్పుట న్యాయము. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగమును సభ ముందుంచుచు డాక్టరు అంబేద్కరు, ఈ సంఘము రాష్ట్రములు తమలో తాము చేసికొనిన ఒడంబడిక ఫలితము కాదనియు, కావున విడిపోవు హక్కు ఏ రాష్ట్రమునకును లేదనియు స్పష్టము చేసిరి. దేశవిభజన గాయము అప్పటికింకను పచ్చిగానే ఉన్నది. బలమైన సంఘ ప్రభుత్వమును కోరిన ఆనాటి పెద్దలను తప్పుపట్టుటకు వీలులేదు. మూల రాజ్యాంగమున 97 అంశములు సంఘమునకును, 66 అంశములు రాష్ట్రములకును, 47 అంశములు ఉమ్మడిగాను పంచబడినవి. ఏ జాబితాలోను చేరని అధికారములు కూడ సంఘమునకే దక్కినవి. త్రాసు పుట్టుకనుండియే ఢిల్లీ వైపు మొగ్గియున్నది. ఆ మొగ్గునుగూర్చి ఇచట తగవు లేదు. తమ పాలికి వచ్చిన ఆ కొద్దిపాటి క్షేత్రమునందైనను రాష్ట్రములు స్వహక్కుచేత నిలుచునా, పైవారి దయ ఉన్నంతవరకే నిలుచునా అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు గీటురాయి 356వ అధికరణము. రాష్ట్రపాలనము రాజ్యాంగానుసారముగా సాగజాలదని తోచినప్పుడు, గవర్నరు నివేదికవలన గాని అన్యథా గాని రాష్ట్రపతి ఆ పాలనమును తన చేతిలోనికి తీసికొనవచ్చునని దాని భావము. ఈ అధికరణము గాలినుండి ఊడిపడలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టమున 93వ విభాగముగా ఉండి, ఎన్నికైన మంత్రులపై ఆంగ్ల ప్రభుత్వమునకు గల అవిశ్వాసమునకు అది చిహ్నమైయుండెను. 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా ఇచ్చినప్పుడు గవర్నర్లు ఆ విభాగము క్రిందనే పలు ప్రాంతములను ఏలిరి. దొర వెడలిపోయెను, దొర కత్తి మాత్రము గోడకు వ్రేలాడుచునే ఉండెను.

రాజ్యాంగసభలో దీనిని శంకించినవారు లేకపోలేదు. హెచ్. వి. కామత్ గట్టిగా ఎదిరించిరి. రాష్ట్రములలో మంచిపాలనము సాగునట్లు చూచుటకు ఢిల్లీ దీనిని వాడునా అని హృదయనాథ కుంజ్రూ సూటిగా ప్రశ్నించిరి. ఒక రాష్ట్రమున పాలనము మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పుట కేంద్రపు పని కాదని అంబేద్కరు బదులిచ్చిరి. 1949 ఆగస్టు 4న ఆయన ఇంకొక ఆశను కూడ వెలిబుచ్చిరి: ఇట్టి అధికరణములు గ్రంథమునందే ఉండిపోవును గాని ఆచరణమునకు రావని, వచ్చినను ముందుగా హెచ్చరిక చేయకుండ రాష్ట్రపతి వాటిని ప్రయోగింపరని. ఆ ఆశకు రెండేండ్లు నిండకమునుపే, 1951 జూనులో, పంజాబున ఆ కత్తి ఒరనుండి వెలువడెను. శాసనసభ విశ్వాసము కోల్పోని భార్గవ మంత్రివర్గము, తన పక్షపు పెద్దల ఆజ్ఞ మేరకు తప్పుకొనగా, రాష్ట్రపతి పాలనము వచ్చెను. పక్షపు ఇంటి తగవును చక్కబెట్టుటకు రాజ్యాంగపు కడపటి ఆయుధము వినియోగింపబడెను. తరువాతి కాలమున అది నూరుసార్లకు పైగా ఒరనుండి వెలికి వచ్చినది.

అన్ని ప్రయోగములును అన్యాయములని చెప్పుట సత్యము కాదు. 1954 నవంబరులో, మద్యనిషేధ వివాదమున ప్రకాశంగారి మంత్రివర్గము ఆంధ్ర శాసనసభలో ఓడిపోయెను. రాష్ట్రపతి పాలనము విధింపబడి, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగి, మార్చిలో క్రొత్త మంత్రివర్గము ఏర్పడెను. ఇచట మంత్రివర్గమును కూల్చినది ఢిల్లీ కాదు, రాష్ట్రపు సొంత సభ. ఢిల్లీ చేసినది ఎన్నికలవరకు ఇంటిని కాపాడుట మాత్రమే. కావలివాని పనికిని యజమాని పనికిని గల భేదము ఈ ఉదాహరణమున తేటపడును.

ఆ భేదము చెరిగిపోయిన చోటు కేరళము. 1957 ఎన్నికలలో 126 స్థానములలో కమ్యూనిస్టులకు 60 వచ్చినవి. ఐదుగురు స్వతంత్రుల తోడ్పాటుతో నంబూద్రిపాదు మంత్రివర్గము ఏర్పడెను. భూసంస్కరణము, విద్యాసంస్కరణము తలపెట్టగా భూస్వాములును, విద్యాసంస్థల యాజమాన్యములును ఎదురు తిరిగిరి. విద్యాబిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకై ఉంచగా, 1958లో సుప్రీంకోర్టు దానిపై తన అభిప్రాయము చెప్పెను. 1959లో 'విమోచన సమరము' వీథుల కెక్కెను. కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. ప్రభుత్వ పక్షమున దోషములు లేవని ఎవ్వరును ప్రమాణము చేయనక్కరలేదు. కాని సభలో ఆ మంత్రివర్గమునకు మెజారిటీ చెక్కుచెదరలేదు. అయినను 1959 జూలై 31న అది తొలగింపబడెను, సభ రద్దు చేయబడెను. ఆ తొలగింపునకు ఆధారమైన నివేదికను పంపిన గవర్నరు బూర్గుల రామకృష్ణారావుగారు. హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా ఉండి, శాసనసభ విశ్వాసమనగా ఏమో స్వానుభవమున నెరిగిన విద్వాంసుడాయన. అట్టివాని చేతిమీదుగనే ఇట్టి కార్యము జరిగినదనిన, లోపము వ్యక్తులలో వెదకుట వ్యర్థము. గవర్నరును నియమించువారు ఢిల్లీవారు, తొలగింపగలవారు ఢిల్లీవారు. నివేదిక తిరువనంతపురమునుండి బయలుదేరినను, దాని చిరునామా దాని ఆశయమును కూడ కొంత నిర్ణయించును.

దీనికి చెప్పబడు సమాధానములను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. మొదటిది శాంతిభద్రతల వాదము. రాష్ట్రమున అల్లకల్లోలము చెలరేగినది కావున కలుగజేసికొనక తప్పలేదందురు. శాంతిభద్రతలు రాష్ట్రజాబితాలోని అంశము. అంతఃకల్లోలమునుండి రాష్ట్రమును కాపాడు బాధ్యతను 355వ అధికరణము సంఘమున కిచ్చినది. కాపాడుట యనగా ఎన్నికైన ప్రభుత్వమునకు తోడ్పడుట. దానిని కూల్చుట కాదు. ఇల్లు కాలుచున్నదని పిలువగా వచ్చినవాడు మంట నార్పక ఇంటి యజమానినే గెంటివేసినచో, వానిని సహాయకుడని ఎవ్వరనుకొందురు? అంతకంటెను ప్రమాదమైన పర్యవసానమొకటి కలదు. వీథులలో అలజడి పెంచినచో మంత్రివర్గము కూలునని తెలిసిన నాడు, ప్రతిపక్షమునకు సభలో వాదించుటకంటె వీథిలో అలజడి రేపుటయే లాభసాటి యగును. అరాజకమును అణచుటకు పుట్టిన అధికరణము అరాజకమునకు బహుమాన మిచ్చును.

రెండవది, 1960 ఎన్నికలలో కమ్యూనిస్టులు ఓడిరి గనుక ప్రజలే తొలగింపును సమర్థించిరను వాదము. వారి స్థానములు 60నుండి 29కి తగ్గినమాట నిజమే. వారికి వచ్చిన వోట్ల పాలు నూటికి 35నుండి 39కి పెరిగినమాట కూడ నిజమే. 1967లో నంబూద్రిపాదే మరల ముఖ్యమంత్రియైనమాటయు నిజమే. ఎన్నికల ఫలితములను ధర్మశాస్త్రముగా చదువుట మొదలుపెట్టినచో, ఏ యేటి ఫలితమును చదువవలెను? ప్రజల తీర్పు ఐదేండ్ల కొకసారి రావలెనని రాజ్యాంగము నియమించినది. ఆ గడువును మధ్యలో త్రెంచి, తరువాతి తీర్పు అనుకూలించినది కావున త్రెంచుట ధర్మమనుట, దొంగసొత్తు అమ్ముడుపోయినది కావున వర్తకము న్యాయమనుట వంటిది.

మూడవది అన్నిటికంటె బరువైనది. రాష్ట్రముల హక్కుల పేర రాష్ట్రముననే దుర్బలులు అణచివేయబడుదురని, వారికి దిక్కు ఢిల్లీయేనని ఈ వాదము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. అమెరికాలో 'రాష్ట్రముల హక్కులు' అను నినాదము మొదట బానిసత్వమునకును, పిదప వర్ణవివక్షకును కవచమైనది. అయితే ఆ చరిత్రలోనే దీనికి సమాధానము కూడ కలదు. 1957 సెప్టెంబరులో ఆర్కన్సా గవర్నరు ఫాబస్, లిటిల్ రాక్ పట్టణమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు శ్వేతుల పాఠశాలలో చేరకుండ అడ్డగించెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యమును పంపి, న్యాయస్థానపు ఉత్తరువును అమలు జరిపి, ఆ బాలబాలికలను పాఠశాలకు చేర్చెను. కాని ఫాబస్‌ను పదవినుండి తొలగింపలేదు. ఆర్కన్సా శాసనసభను రద్దు చేయలేదు. అట్టి అధికారము ఆయనకు లేదు. ఫాబస్ మరి తొమ్మిదేండ్లకు పైగా గవర్నరుగా ఉండెను. పాఠశాల తలుపులు మాత్రము మూతపడియుండలేదు అని చెప్పుటకు వీలులేదు, ఏలయనగా మరుసటి యేట ఆ పట్టణపు ఉన్నతపాఠశాలలను మూసివేయించుటకు కూడ ఆయన తెగించెను. అయినను ఆ పోరాటమున చివరకు గెలిచినది న్యాయస్థానపు ఉత్తరువే, సభారద్దు కాదు. పౌరుని హక్కునకు భంగము కలిగినచో హక్కును కాపాడవలెను. అందులకు ప్రాథమిక హక్కులు, న్యాయస్థానములు కలవు. పౌరుని వోటును రద్దుచేసి పౌరుని కాపాడితిమనుట విపరీతము.

కెనడా దేశమున కూడ ప్రాంతీయ శాసనములను త్రోసిపుచ్చు అధికారము సమాఖ్య ప్రభుత్వమునకు గ్రంథమున కలదు. 1943 తరువాత అది వాడబడలేదు. అధికారము వ్రాతలో ఉండుటవలననే వాడితీరవలెనని లేదు. వాడకుండుటయే మర్యాదగా నిలిచిన దేశములు కలవు. అంబేద్కరు ఆశించినది అట్టి మర్యాదనే.

ఈ మర్యాద తప్పినవారు ఒక్క పక్షమువారే అనుకొనుట పొరపాటు. 1977లో జనతా ప్రభుత్వము తొమ్మిది రాష్ట్రములలోని కాంగ్రెసు ప్రభుత్వములను ఒక్కమారుగా తొలగించెను. 1980లో తిరిగివచ్చిన కాంగ్రెసు ప్రభుత్వము తానును తొమ్మిది రాష్ట్రముల సభలను రద్దుచేసి లెక్క సరిచేసెను. ప్రతిపక్షమున ఉన్నప్పుడు రాష్ట్రముల హక్కులు, సింహాసనమెక్కిన తరువాత దేశసమైక్యము: ఈ పల్లవి మారని పాటను పాడని పక్షము అరుదు. కావుననే ఈ విషయమును పక్షముల సద్బుద్ధికి విడిచిపెట్టుటకు వీలులేదు.

తెలుగువారికి ఈ పాఠము 1984లో దగ్గరగా తెలిసినది. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్, సభలో బలపరీక్ష లేకయే రామారావు ప్రభుత్వమును తొలగించి, నాదెండ్ల భాస్కరరావుచేత ప్రమాణము చేయించిరి. నెల తిరుగునప్పటికి, సెప్టెంబరు 16న, రామారావే మరల ముఖ్యమంత్రి అయ్యెను. 356వ అధికరణమును తాకనైన తాకకుండ, గవర్నరు పదవి ఒక్కటే చాలునని అప్పుడు రుజువయ్యెను.

దీనికి మందు ఏమో తెలియకపోలేదు. తమిళనాడు ప్రభుత్వము 1969లో నియమించిన సంఘమునకు అధ్యక్షుడు పి. వి. రాజమన్నారు, తెలుగు పాఠకులు ఆయనను నాటకకర్తగా ఎరుగుదురు, దేశము ప్రధాన న్యాయమూర్తిగా ఎరుగును. నాల్గవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షత వహించి, ఢిల్లీ ఖజానా ఎట్లు నడచునో లోపలనుండి చూచిన వ్యక్తి ఆయన. 1971 నాటి ఆ సంఘపు నివేదిక 356వ అధికరణమును తొలగింపవలెనని సూచించెను. 1983లో నియమింపబడిన సర్కారియా సంఘము అంత దూరము పోలేదు. వేరు మార్గములన్నియు విఫలమైన పిమ్మట, అత్యరుదుగా మాత్రమే దానిని వాడవలెనని చెప్పెను. కడకు 1994 మార్చి 11న, బొమ్మై వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను: మంత్రివర్గపు బలము రాజభవనమున కాదు, సభలోనే తేలవలెను, పార్లమెంటు ఆమోదింపకమునుపు సభను రద్దు చేయరాదు, రాష్ట్రపతి ప్రకటనను న్యాయస్థానము పరీక్షింపవచ్చును. తీర్పు గొప్పదే. కాని బొమ్మై ప్రభుత్వము తొలగింపబడినది 1989 ఏప్రిల్ 21న. న్యాయము వచ్చుసరికి ప్రభుత్వమును లేదు, సభయును లేదు. 2016లో అరుణాచలప్రదేశ విషయమున పాత ప్రభుత్వము పునరుద్ధరింపబడినది గనుక, ఆ తీర్పు కాగితమునందే ఉండిపోలేదని మాత్రము సంతోషింపవచ్చును.

ఒక ద్వారము ఇరుకైనప్పుడు వేరు ద్వారములు తెరువబడినవి. సభ ఆమోదించిన బిల్లులను గవర్నర్లు నెలల తరబడి, ఏండ్ల తరబడి అట్టిపెట్టుట అందొకటి. గవర్నరుకు న్యాయస్థానము గడువు నిర్ణయింపజాలదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అభిప్రాయపడెను. అయితే కారణము చెప్పక అనంతముగా జాప్యము చేయుటను పరీక్షింపవచ్చునని కూడ చెప్పెను. ఎన్నికైన సభ మాటకు గడువు ఐదేండ్లు. నియమితుడైన వ్యక్తి మౌనమునకు గడువు లేదు. ఈ అసమానతను ఏ ప్రజాస్వామ్య సూత్రము సమర్థించును?

రెండవ ద్వారము ధనము. 2015నుండి ఐదేండ్లకు పధ్నాల్గవ ఆర్థిక సంఘము పంచదగిన పన్నులలో నూటికి 42 పాళ్లు రాష్ట్రములకు ఇమ్మనెను. తరువాతి సంఘము 41 అనెను. అంకె ఘనముగనే ఉన్నది. అయితే సెస్సులును సర్‌చార్జీలును పంచవలసిన రాశిలో చేరవు. కుంచము పెద్దదిచేసి ధాన్యపురాశిని వేరుగదికి తరలించినచో, కుంచమును చూచి మురియవలసినది లేదు. 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను మండలిలో సంఘ ప్రభుత్వపు వోటు విలువ మూడవ వంతు; నిర్ణయమునకు కావలసినది నాలుగింట మూడు పాళ్లు. రాష్ట్రములన్నియు ఏకమైనను ఢిల్లీ కాదనినచో ఏమియు జరుగదు. ఆ మండలి సిఫార్సులు శాసనసభలను బంధింపవని 2022లో సుప్రీంకోర్టు చెప్పుట కొంత ఊరట.

మూడవది సరిహద్దుల అధికారము. మూడవ అధికరణము క్రింద రాష్ట్రమును చీల్చుటకు పార్లమెంటునకు ఆ రాష్ట్రసభ అభిప్రాయము చాలును, సమ్మతి అక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ శాసనసభ విభజన బిల్లును త్రోసిపుచ్చెను. ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించెను. దీనిని రాష్ట్రహక్కుల భంగమని వెంటనే తీర్పు చెప్పుట తొందరపాటు. సభలో తక్కువ సంఖ్యగల ప్రాంతము ఎక్కువ సంఖ్యగల ప్రాంతపు సమ్మతి లేకుండ ఎన్నడును రాష్ట్రము కాజాలదనినచో, అదియు ఒక నిర్బంధమే. కాని 2019 ఆగస్టులో జరిగినది వేరు. జమ్మూకాశ్మీరమున సభ లేదు. రాష్ట్రపతి పాలనము సాగుచుండెను. సభ చెప్పవలసిన అభిప్రాయమును పార్లమెంటే చెప్పుకొని, రాష్ట్రమును రెండు కేంద్రపాలిత ప్రాంతములుగా మార్చెను. అడిగినవారును, బదులు చెప్పినవారును ఒక్కరే. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆనాటి చర్యలను చాలవరకు సమర్థించినను, రాష్ట్రహోదా వీలైనంత త్వరలో తిరిగి రావలెనని చెప్పెను. ఈ రెండు ఉదాహరణముల భేదమునుండి ఒక నియమము పుట్టవలెను: ఈ అధికారము స్వపరిపాలనమును విస్తరింపజేయుటకే గాని కుదించుటకు కారాదు. క్రొత్త రాష్ట్రమును సృజించుట ఒకటి. ఉన్న రాష్ట్రమును తగ్గించివేయుట మరియొకటి.

1962లో పశ్చిమ వంగ రాష్ట్రము, తన బొగ్గుభూములను సంఘ ప్రభుత్వము స్వాధీనపరచుకొనజాలదని సుప్రీంకోర్టున వాదించి ఓడిపోయెను. రాష్ట్రములకు సార్వభౌమత్వము లేదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాజమండ్రికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఒక్కరే విభేదించిరి. తనకు కేటాయించిన క్షేత్రమున సంఘమెంత స్వతంత్రమో, తమ క్షేత్రమున రాష్ట్రములును అంతే స్వతంత్రములని ఆయన వాదసారము. ఆనాడు ఒంటరియైన ఆ గొంతు అడిగిన ప్రశ్న నేటికిని సమసిపోలేదు.

రాష్ట్రముల పక్షమున వాదించువారు కూడ ఒక అద్దమును ఎదుర్కొనవలెను. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74 సవరణములు గ్రామములకును పట్టణములకును రాజ్యాంగమున స్థానమిచ్చినవి. ఢిల్లీనుండి అధికారమును కోరు ముఖ్యమంత్రులలో ఎందరు ఆ అధికారమును పంచాయతీలకు మనస్ఫూర్తిగా దించినారు? ఎన్నికలను వాయిదా వేయుట, నిధులను బిగబట్టుట, అధికారిని సర్పంచుపై కూర్చుండబెట్టుట, ఇవి ఢిల్లీ వద్ద నేర్చిన విద్యలే. అధికారమును పైనుండి లాగికొని నడుమ ఆపుకొనుట సమాఖ్యధర్మము కాదు. హక్కును కోరువాడు హక్కును ఇచ్చువాడు కూడ కావలెను. అప్పుడే ఆ కోరికకు నైతికబలము కలుగును.

చేయవలసినది దుస్సాధ్యము కాదు. సభలో ఓడిపోని మంత్రివర్గమును 356వ అధికరణము తాకరాదని రాజ్యాంగముననే వ్రాయవచ్చును. గవర్నరు నియామకమున రాష్ట్రమునకు నోరుండునట్లును, బిల్లులపై ఆయన నిర్ణయమునకు గడువుండునట్లును సవరింపవచ్చును. సెస్సులను ఒక హద్దు దాటకుండ కట్టివేయవచ్చును. 263వ అధికరణము క్రింద 1990లో ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి 2016 వరకు పదునొకండు సార్లు మాత్రమే కూడినది. దానిని ఏటేట కూర్చుట కేవలము ఒక ఆహ్వానపత్రికతో అగు పని.

రాష్ట్రములు బలపడినచో దేశము బలహీనపడునని భయపడువారు 1952ను జ్ఞాపకము చేసికొనవలెను. పొట్టి శ్రీరాములు యాభైయెనిమిది దినముల నిరాహారదీక్ష అనంతరము డిసెంబరు 15న మరణించుదాక, భాషారాష్ట్రములవలన దేశము ముక్కలగునని ఢిల్లీ వణకెను. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో మరికొన్ని భాషారాష్ట్రములు వచ్చినవి. దేశము ముక్కలు కాలేదు. తన ఇంట తనకు మాటగలవాడే ఊరి క్షేమమును గూర్చి ఆలోచించును. సంఘమును సంఘముగా నడుపుట దేశమును సడలించుట కాదు. రాజ్యాంగము మొదటి అధికరణమున దేశము చేసిన వాగ్దానమును చెల్లించుట.